రెండో టైంటేబుల్

హొక్కైడో తూర్పు కొసన ఆ చిన్న స్టేషన్లో
గోడ మీద రైళ్ల వేళలు.
కుడో తొకిజి సొరుగులో, పెన్సిల్‌తో, జింకల వేళలు.

జూన్‌లో మూడున్నరకే
పొగమంచు వీడని వెదురు పొదల్లోంచి దిగుతాయి.
తల్లులు పిల్లల్ని గడ్డిలో దాచి ఒంటరిగా వస్తాయి.
పొద్దెక్కితే ఒక్కటీ కనబడదు,
ఎక్కడో నీడన నెమరేస్తూ పడుంటాయి.
అక్టోబరుకి వేళాపాళా లేదు,
మగవాటి కేక వినగానే
డ్రైవర్లు బ్రేకు మీద చెయ్యేసేవారు.
జనవరిలో మిట్టమధ్యాహ్నమే,
ఎండ తగిలే దక్షిణపు గట్టున
చెట్ల బెరడు గీరుకు తింటూ.

సాయంత్రం నాలుగూ నలభై బండి అంటే
వాటికీ లెక్కే:
అది పోయేదాకా ఆగి, అప్పుడు పట్టాలు దాటేవి.

మార్చిలో లైను మూసేశారు.
మర్నాడు నాలుగూ నలభైకి
పదకొండు జింకలు గట్టు మీద చెవులు రిక్కించి నిలబడ్డాయి.
ఐదు కావస్తోంది. కదల్లేదు.

తొకిజి టోపీ పెట్టుకుని బయటికొచ్చి
పచ్చజెండా ఊపాడు, ఎవరికో ఏమో.
ఒక ముసలి ఆడజింక
ముందుగా అడుగేసింది.

లోపలికెళ్లి, సొరుగు తీసి,
ఆ పూటకి ఇలా రాసుకున్నాడు:
ఇరవై నిమిషాలు లేటు.