సగం బ్లేడు

ఫ్యాను గురక పెడుతోందని
దుమ్ము దులుపుదామని విప్పాను, అంతే.
హీట్‌సింక్‌తో పాటు ప్రాసెసర్ కూడా
ఊడి వచ్చింది చేతిలోకి,
ఎండిన పేస్టు బంకతో దాన్నే కరుచుకుని.
లాగాను. జారింది.
గచ్చుకు మూల తగిలిన చప్పుడు చాలా చిన్నది,
డబ్బాలోంచి ఒక కందిబేడ రాలినంత.

తిప్పి చూస్తే
ఒక పక్క పిన్నులన్నీ పడుకొనున్నాయి.
గాలివానకు ఒరిగిన వరిమడి, అనబోయి ఆగాను.
కొర్లగుంటలో పుట్టినదాన్ని, వరిమడి నాకేం తెలుసు?
మూడురోజుల గడ్డాన్ని
ఎవరో అరచేత్తో ఒకవైపుకు రుద్దినట్టుంది.

మొత్తం పదమూడొందల ముప్పై ఒకటట.
అవి లెక్కపెట్టలేదు.
వంగినవి లెక్కపెట్టాను, రెండుసార్లు.
ఇరవై మూడు.

లీలామహల్ సర్కిల్‌లో రిపేరు షాపతను
రుమాలు మడత విప్పకుండానే
"కొత్తది ఏసుకో మేడం" అన్నాడు.
రేటు విని రుమాలు మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.
దారిలో పుత్తూరు నుంచి ఫోటోగ్రాఫర్ చెంగల్రాయులు:
"శుక్రవారానికి ఆల్బం ఈకపోతే
పెండ్లికూతురి నాయన నన్ను బతకనీడు పాపా."
నాలుగొందల ఫోటోలు.
పెళ్లికొడుకు మొటిమలు ఇంకా తుడవనే లేదు.

రాత్రి అమ్మ దిగింది కొండ బస్సు
చందనం వాసనతో, డెటాలు వాసనతో,
నీళ్ళలో నాని ముడతలు పడిన వేళ్ళతో.
పదకొండేళ్ళుగా కల్యాణకట్టలో
ఆడవాళ్ళ తలలు గొరుగుతుంది మునిరాజమ్మ.

"ఏందిమే, అట్ల కూసున్నావు?"
చూపించాను.
అద్దాలు పెట్టుకుని లైటు కిందికి వంగి
చాలాసేపు ఏమీ అనలేదు.
"ఎంటికలు కాదు గదా ఇవి,
మళ్ళా మొలిచేదానికి" అంది చివరికి.

గూట్లోంచి బ్లేడు తీసి
కాగితంతోనే రెండుగా విరిచింది, టక్కుమని.
"నున్నగా చేసేది నాకు తెలుసు.
నిలబెట్టేది నువ్వు చెప్పల్ల."

చెప్పాను: వరసకూ వరసకూ మధ్య దూర్చు,
ఒక్క దెబ్బకు కాదు, కొంచెం కొంచెం,
వెనక్కీ ముందుకీ ఊపితే విరిగిపోతుంది.
"ఇత్తడా?"
"బంగారు పూత."
"బంగారమా!" చెయ్యి వెనక్కి తీసుకుంది.
ఎంత వస్తుందే అని అడిగింది కూడా.
ఏమీ రాదు, చూసేదానికే అన్నాను.

నేను ఫోన్ టార్చి పట్టుకున్నాను.
మరీ చివరి పిన్నులకు
పెన్ పెన్సిల్‌లో ములుకు తీసేసి
ఆ సన్న గొట్టం తొడిగి లేపింది.
మధ్యలో ఒకసారి, అలవాటు కొద్దీ,
"తల కదిలించొద్దు మా" అంది దానితో.
నవ్వు రాలేదు ఇద్దరికీ.

కరెంటు పోయింది.
నా చెయ్యి వణికి వెలుగు గోడెక్కింది.
ఆమె చెయ్యి మాత్రం
చీకట్లో పెట్టినచోటే ఉంది.

ఇరవై రెండు లేచాయి.
ఇరవై మూడోది విరిగింది.
దానికి ఆ కందిబేడ చప్పుడైనా లేదు.
బ్లేడు అంచున ఒక మెరుపు నలుసు.
"గాటు పడితే మేము పసుపు పెడతాం.
దీనికేం పెడతారు?"
నా దగ్గర జవాబు లేదు.

కరెంటు వచ్చాక బోర్డు మీద పెట్టాను.
నొక్కలేదు, తన బరువుకే దిగింది.
పేస్టు మినపగింజంత.
స్విచ్చి.
నల్లటి తెర, నల్లటి తెర,
అమ్మ అన్నం కంచం ముందు నుంచి మెడ సాచి చూస్తోంది,
అప్పుడు కంపెనీ బొమ్మ.

పదహారుకు ఎనిమిదే చూపిస్తోంది.
"సగం జ్ఞాపకం పోయింది మా."
"ఉన్న సగంతో పెండ్లి అయిపోతుందా?"
"అవుతుంది. నిదానంగా."
"అయితే సరే" అని చారు పోసుకుంది.

విరిగిన ముక్కను బ్లేడు కాగితంలో మడిచి
దేనికో గూట్లో పెట్టింది. అడగలేదు నేను.
ఇప్పుడు రెండున్నర.
ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.
నేను పెళ్లికొడుకు ఎడమ చెంప మీద ఉన్నాను,
ఒక్కో క్లిక్కుకూ
ఏడు దాకా లెక్కపెడుతూ.