ఎనిమిది చట్రాలు

గుణుపురంలో, బస్టాండు వెనక సందులో
పట్టపగలు నా మిషను చప్పుడు ఆగిపోయేసరికి
పక్కింటి సుభాషిణి పాణిగ్రాహి తొంగిచూసింది:
"ఒంట్లో బాగోలేదా?"
బాగానే ఉంది. ముసుగు కుట్టుకుంటున్నాను,
పాత దోమతెరని పాత టోపీ అంచుకి, చేత్తో,
వంకర టాకాలతో.
ఇరవయ్యేళ్లుగా ఊరి జాకెట్లన్నీ కుట్టినదాన్ని,
నాకోసం కుట్టుకున్న మొదటి వేషం అది.

పెట్టె తెచ్చినవాడు ఇస్రాయేల్ సబర.
పుట్టాసింగి నుంచి జీపులో, ఒళ్లో పెట్టుకుని,
పైన తడిగోనె కప్పి,
పక్కన కూచున్నవాళ్లకి ఏముందో చెప్పకుండా.
రెండు పంట్లాలకి జిప్పులు వేసిన బాకీ
ఈగలతో తీరుస్తాడట.

"మూత తీసినప్పుడు ఊపిరి పక్కకొదులు," అన్నాడు.
"నీ ఊపిరంటే వాటికి ఎలుగుబంటి."
కొబ్బరిపీచు పొగ నా కళ్లలోకే వచ్చింది.
మొదటిరోజు మూడు కుట్టాయి, ఒకటి కనుబొమ్మ మీద.
లెక్క ఒడియాలో పెట్టాను: ఎక, దుయి, తిని.
బళ్లో నేర్చిన ఎక్కాలు, అంకెలు ఆ భాషలోనే వస్తాయి.
ఓలమ్మో మాత్రం తెలుగులో వచ్చింది.
ముల్లు గిల్లి లాగకూడదు, గోటితో గీకెయ్యాలి
అని మూడోదాని తర్వాత చెప్పాడు.
దానికున్న సూది ఒక్కటే, వాడేదీ ఒక్కసారే.
నా రేకుడబ్బాలో విరిగినవే అరవై పైన ఉంటాయి.

మర్నాడు ఒంటికన్నుతో
బెహరా గారి కోడలికి చెయ్యి కొలత
అంగుళం తక్కువ రాశాను.

టేపు లేదు, సుద్దముక్క లేదు.
చీకట్లో ఒకదాని కాళ్లు ఒకటి పట్టుకుని వేలాడుతూ
ఒంట్లోంచి తీసిన మైనంతో గదులు కడతాయి.
తప్పు కోసం వెతికాను, నిజం చెప్పాలంటే అసూయతో.
మూడో చట్రం మూలన దొరికింది:
రెండువైపుల నుంచీ వచ్చిన వరసలు కలవక
ఒక గది అయిదు మూలలకే సర్దుకుంది.
చంక దగ్గర పడే ఆ ముడత నాకు తెలుసు.
ఆరోజు నుంచే వాటితో మాట్లాడుతున్నాను.

రథజాత్ర వారం. నలభై జాకెట్లు, వదలని వాన.
పంచదార పాకం రేపు పోద్దాంలే అనుకున్నాను.
రేపు, మళ్లీ రేపు.
గురువారం చూస్తే
పెట్టె కోడు కింద నీళ్లగిన్నె ఒరిగి ఉంది,
చీమల బారు తీరిగ్గా పైకెక్కుతోంది.
మూత తీశాను. ఊపిరి పక్కకి వదిలాను కూడా.
ఎనిమిది చట్రాలు. అడుగున నాలుగు ఈగలు,
ఇల్లు మారేవాళ్లు వదిలేసిన చిల్లుగిన్నెల్లా.

ఇస్రాయేల్ తిట్టలేదు.
ఖాళీ తుట్టెని వెలుగుకెత్తి చూశాడు.
"ఎటు పోయుంటాయి?"
"కొండకి," అన్నాడు,
బావమరిది ఊరెళ్లాడన్నంత మామూలుగా.
"వలిసెలు పూసాక చూద్దాం."

వలిసెలు పూశాయి. కొండవాలు పసుపు పసుపు.
రెండో పెట్టెకి పంట్లాం బాకీ చాలక
వాళ్లావిడకి రెండు జాకెట్లు కుట్టిచ్చాను.
ఇప్పుడు పొద్దున్నే నేను టీ తాగకముందు
నాలుగు గిన్నెల్లోనూ నీళ్లు చూస్తాను.

ఏడాది ఖర్చు చిట్టాలో రాయడం మానేశాను.
వచ్చిన తేనె, దగ్గుమందు సీసాలో సగం.
సుభాషిణి వేలు ముంచి నాకి,
కాసేపు ఆలోచించి, "కాస్త వగరు" అంది.
వగరే. రెండోసారీ వేలు ముంచింది మరి.

రాత్రి కరెంటు పోతే
డాబా మీదికెక్కి పెట్టెకి చెవి ఆనిస్తాను.
లోపల ఎవరో ఆపకుండా తొక్కుతున్నారు,
నేనెన్నడూ నూనె వెయ్యని మిషను.
రేపు ఒక్క చట్రమే తీసి చూడాలి, అయిదోది.
పొగ తక్కువ.
ఊపిరి పక్కకి.