సైరన్ వేషం

నాటకం ఒడిసినంక
అసలు నాటకం కట్టయ్య హోటల్ల మొదలైతది.

ఇయ్యాల పబ్లిక్ గార్డెన్ల ఇరవై మూడు మందిమి.
లెక్క నాదే. కాజీపేట బుకింగ్ కౌంటర్ల
ముప్పై ఏండ్లు తలకాయలు లెక్కవెట్టిన అలవాటు.
అండ్ల ఆరుగురు వేషగాళ్ల చుట్టాలు,
ఒకడు వానకు లోపటికొచ్చినోడు.
ఆఖరిదాంక కూసున్నడు పాపం,
వాన ఎప్పుడో ఎలిసింది.

"మామ వేషం పిలగాడు గడ్డం గోక్కున్నప్పుడల్ల
ఊడొస్తదేమో అని నాకు గుబులాయె" అన్నడు మొగిలి.
"ఆ పిల్ల మాత్రం, వీపు తిప్పి నిలవడి ఏడ్చింది సూడు,
మొఖం కనవడలే, భుజం ఒక్కటే కదిలింది,
గంతే సాలు" అన్నది సరోజన.
జానీమియా లైటింగు గురించి ఏమనలే.
లైట్లు ఏసింది ఆయినే.

రెండో చాయ్ కాడ మా నాటకం మాటకొస్తం.
పదకొండేండ్ల సంది దానికి వేషాలు పంచుతున్నం,
దాన్ని ఇంకా ఎవ్వరూ రాయలే.
పేరు లేదు. మిల్లు మూతవడ్డ దినం కథ, అంతే.
లిస్టు నా దగ్గరుంటది,
పాత రిజర్వేషన్ ఫారం ఎనుక, పెన్సిల్‌తోని.

మేనేజరుకు హన్మకొండ లెక్చరర్‌ను అనుకున్నం.
గొంతు మంచిదే, చేతులు ఏడ పెట్టాల్నో ఎరుకలేదు.
జేబుల పెట్టుకోమంటే
రెండు సీన్లు ఆడనే మర్చిపోయిండు.
యూనియన్ లీడర్‌కు జనగామ దిక్కు చిందాటోడు ఒకడు.
అడుగేస్తే స్టేజీ పలకలు మాట్లాడుతయి,
గని మెమొరాండం కూడ
గద పట్టుకున్నట్టే పట్టుకుంటడు.
హీరో వేషం మీద మొగిలికి మనసు.
అరవై ఎనిమిదేండ్లు.
ముందుగాల పండ్లు కట్టించుకోరాదు అన్నం, నవ్వులాటకు.
కట్టించుకొచ్చిండు.
ఇప్పుడు 'శ' పలుకుతలేదు.

"అన్ని సరే, సైరన్ ఎవరు?" అన్నది సరోజన.

రికార్డింగ్ పెడ్దామన్నడు జానీమియా.
ఫోన్ల ఒక్కొక్కటే ఇనిపిచ్చిండు:
పోలీసోళ్లది, అంబులెన్సుది, ఏ దేశం యుద్ధానిదో ఒకటి.
చాయ్ మీద మీగడ కట్టింది.
అన్నిటికీ ఆమె తల అడ్డంగనే ఊపింది.
"ఇవి బెదిరిస్తున్నయి. మనది పిలిచేది."

వైండింగ్ సెక్షన్ల తొమ్మిదేండ్లు జేసింది సరోజన.
ఆ దూది ఇంకా ఆమె దగ్గుల ఉంటది.
కొంగు మొఖానికి అడ్డం వెట్టుకొని,
పొయ్యి ఊదినట్టు సన్నగ మొదలువెట్టి
కడుపుల నుంచి ఎత్తింది,
ఎత్తి ఎత్తి నడుమ ఒక్క కాడ పగిలింది.
గట్లనే పగిలేది అది.
పైపుకు చిల్లుండె, ఎవ్వడూ బాగుచెయ్యకపోయె.

కట్టయ్య స్టౌ తగ్గించిండు.
మొగిలి లేచి నిలవడ్డడు, చెయ్యి
లేని టోకెన్ బిళ్ల కోసం లేని ఖాకీ జేబుకు పోయింది.
రోడ్డు మీద ఎవరో ముసలాయిన సైకిల్ దిగి
తూర్పు దిక్కు సూస్తున్నడు.
రైలు కూతల నడుమ బతికినోణ్ని, నాకేం సంబంధం,
నా కాళ్లు గూడ చెప్పులల్ల దూరినయి.

ఊపిరి అందక ఆగింది. దగ్గింది. నీళ్లు తాగింది.
చప్పట్లు కొట్టాల్నని ఎవ్వరికీ తోచలే.

ఎంతసేపటికో జానీమియా అడిగిండు:
"నిన్ను ఏడ నిలవెట్టాలె? లైటు ఎటునుంచి ఎయ్యాలె?"
"లైటెందుకు?" అన్నది సరోజన,
"సైరన్‌ను ఎవరన్న సూసిండ్రా?"

కట్టయ్య చెవి మీద పెన్ను అడిగి తీసుకొని
ఫారం ఎనుక రాసిన: సైరన్ – సరోజన.
మిగిలిన పేర్లన్నీ పెన్సిల్‌వే.
మొగిలి వంగి తన పేరు దిక్కు సూసుకున్నడు,
ఏమనలే,
నాలుగు చాయ్‌ల పైసలు ఆయినే ఇచ్చిండు.