మంగళవారం, రెండో అంతస్తు

సైవ్,
లెటర్‌కెన్నీ బస్సు ఏడూ నలభైకి.
ఎడమ పక్క కూర్చో, ఆ పక్క హీటరు రొద ఉండదు.
కొత్త స్వెటర్ వద్దు.
మెడ దగ్గర చీటీ కత్తిరించిన పాతదే వేసుకో.

ఎలా ఉంటుందో చెప్పమన్నావు.
మీ అమ్మ "ఏం కాదులే" అంటోందట.
ఏం కాదు అంటే ఏమిటో
నీకూ నాకూ ఎప్పుడూ అర్థం కాలేదు,
కనుక ఏం అవుతుందో చెబుతాను.

ముందు ఎదురుచూడటం. అది నీకు అయిపోయింది, రెండేళ్ళు.
నేను యాభై మూడేళ్ళు చూశాను,
అందులో యాభై
దేనికోసం చూస్తున్నానో తెలియకుండానే.

గదిలో ఇద్దరుంటారు.
ఒకామె మాట్లాడుతుంది, ఒకామె రాస్తుంది.
పెన్ను కదిలినప్పుడల్లా నువ్వు తప్పు చేశావని కాదు.
నాకది మూడో గంటలో తెలిసింది.
ట్యూబ్‌లైటు సన్నగా గుయ్యిమంటుంది, వాళ్ళకు వినపడదు.
చెప్పు. ఆర్పేస్తారు.
అడిగితే ఆర్పేస్తారని
నాకు ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు.

బొమ్మలు చూపించి కథ చెప్పమంటారు.
పళ్ళెలా తోముకుంటావో చూపించమంటారు, బ్రష్షు లేకుండా.
బ్రష్షు లేకుండా ఎలా తోముకుంటానండీ, అన్నాను.
రాసే ఆమె రాసుకుంది.

ఇంకో ఆట ఉంది, చెప్పకూడదేమో.
ముక్కలు పేర్చాలి. కొన్ని వాళ్ళ దగ్గరే ఉంచుకుంటారు.
చెయ్యి చాచి అడుగుతానా అని చూశారట.
నేను అడగలేదు.
ఉన్నవాటినే జరిపి జరిపి
నడుమ ఖాళీ కనపడకుండా చేసి
అయిపోయిందన్నాను.
ఆమె పెన్ను కింద పెట్టింది.
"ఇంటి దగ్గరా ఇంతేనా?" అంది.
ఏడుపొచ్చింది. ఎందుకో అప్పుడు తెలియలేదు.
అక్కడి టిష్యూలు గరుకు. నీ రుమాలు తీసుకెళ్ళు.

పెద్దవాళ్ళనీ అడుగుతారు.
నా కోసం మీ అమ్మమ్మకు ఫోన్ చేశారు, స్పీకర్ పెట్టి:
చిన్నప్పుడు ఎలా ఆడుకునేది?
"ఆడుకునేది కాదండీ, పని చేసుకునేది."
గుండీల్ని రంగుని బట్టి కాదు,
బరువుని బట్టి పేర్చేదాన్నట.
నోట్లో నాలుక లేదా అన్న కాన్వెంటు సిస్టర్‌కి
నాలుక బయటపెట్టి చూపించి
సాయంత్రం దాకా గోడవైపు నించున్నానట.
నవ్వుతూ మొదలుపెట్టిన మనిషి
అక్కడ ఆగిపోయింది.
పదకొండు సెకన్లు. లెక్కపెట్టాను.

ఇది పరీక్ష కాదంటారు. నిజమే.
కాని కడుపులో పరీక్షలాగే తిప్పుతుంది.
ముందు రోజు రాత్రి ఉత్త బ్రెడ్డే తిను.

తర్వాత కాగితాలొస్తాయి. నావి పద్నాలుగు పేజీలు.
వలలు బాగుచేయడాన్ని అందులో
"పరిమితమైన ఆసక్తి" అని రాశారు.
కిల్లీబెగ్స్ రేవులో ఏ పడవవాణ్ణయినా అడుగు,
పరిమితమో కాదో.
ఆ ఒక్క మాటా పెన్సిలుతో కొట్టేశాను.
మిగతాదంతా నేనే.
నన్నెవరో ఇన్నాళ్ళూ కిటికీలోంచి చూసినట్టు
కోపం వచ్చింది, దాని వెనకే ఇంకోటి వచ్చింది.
ఆ రెండోదానికి ఇంకా పేరు దొరకలేదు.

నీకేమని చెబుతారో నాకు తెలియదు.
అవునన్నా కాదన్నా
శనివారం షెడ్డుకి రా.
నీలం దారం నీకోసం పక్కన పెట్టాను.

మర్చిపోయాను.
రెండో అంతస్తు తలుపు పిడి ఇత్తడిది,
పట్టుకుంటే మంచు.
చేతిని స్వెటర్ లోపలికి లాక్కుని తెరు.

నూలా పెద్దమ్మ