మెట్ల పక్క కమ్మీ

మాది లిఫ్టుల కంపెనీ.
వల్పరాయిసో రేవు పక్కన, నాలుగో అంతస్తు.
కిటికీలోంచి క్రేన్లు కనపడతాయి, సముద్రం కనపడదు.
పదకొండేళ్ళుగా అక్కడ బిల్లులు చూస్తాను.
ఊరంతా కొండల మీద ఉంటే
మేం పైకి లేపేది మాత్రం
అద్దాల భవనాల్లో అద్దె కట్టగలిగినవాళ్ళని.

నెలకో శనివారం సేవ అన్నారు.
ఆ రోజుకీ జీతం ఉంటుంది, మధ్యాహ్నం రొట్టె పెడతారు,
నారింజరంగు చొక్కా ఇస్తారు.
నాకిచ్చింది మోకాళ్ళ దాకా వచ్చింది.
వీపు మీద కంపెనీ పేరు మాత్రం
ఎవరికైనా సరిపోయేంత పెద్దది.

నూట పన్నెండు మెట్లు.
ఒక పక్క రంగు రేకుల ఇళ్ళు,
ఇంకో పక్క గాలి.
మధ్యలో కుక్కలు, ఎవరివీ కావు, అందరివీ.

"ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?"
గుమ్మంలో నిలబడి అడిగాడో కుర్రాడు.
"ఇది మునిసిపాలిటీ చెయ్యాల్సిన పని.
ఫోటో తీసుకుని పోతారు, అంతేగా."
మా మేనేజరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.
వాడన్నదాంట్లో ఒక్క ముక్క తీసెయ్యడానికి లేదు.
ఫోటోగ్రాఫరు అప్పటికే మూడో మెట్టు మీదున్నాడు.

నాకు జోడీగా వేసింది ఎవరిస్తోని.
మెకానిక్కు. ఎనిమిదేళ్ళ నించీ ఎరుగుదును,
అంటే, అతని రసీదుల్ని.
ఆలస్యంగా వస్తాయి, గ్రీజు మరకలతో వస్తాయి,
తిప్పి పంపుతూ ఎర్రసిరాతో ఎన్ని మాటలన్నానో.
"ఓహో, ఆ ఎర్రసిరా నువ్వేనా," అన్నాడు
డ్రిల్లు నా చేతిలో పెట్టి.
"గట్టిగా పట్టుకో. దానికి భయం వాసన తెలుస్తుంది."

రాతిలోకి దిగుతుంటే
నా పళ్ళ దాకా వణికింది.
గొట్టాన్ని అతను ఎడమచేత్తో అదిమిపట్టాడు.
అప్పుడు చూశాను.
నాలుగు వేళ్ళు, ఒక మోడు.

ఉంగరం వేలు, ఎడమ చెయ్యి, రెండో కణుపు పైన.
ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు.
పరిహారం ఫైల్లో నేనే టైపు చేశాను,
పక్క గడిలో అంకె వేశాను,
మొత్తం సరిపోయిందని సంబరపడి
ఆ రోజు అయిదింటికే ఇంటికెళ్ళాను.

ఏమీ అనలేదు నేను. ఏమనను?
అతనే అన్నాడు, "బోల్టు."
ఇచ్చాను.
"ఇంకోటి."

మధ్యాహ్నం పద్నాలుగు మందిమీ
మెట్టుకొకరం కూర్చుని తిన్నాం.
మోకాళ్ళు మొరాయించి మేనేజరు
అందరికన్నా కింది మెట్టు మీద ఆగిపోయాడు.
రిసెప్షన్‌లో కూర్చునే నెలిదా,
వాళ్ళ నాన్న ఈ కొండ మీదకే
గ్యాసు బండలు భుజాన మోసేవాడంది.
రోజూ గుడ్‌మార్నింగ్ చెప్పుకునే మనిషి.

ఎండ దిగేసరికి ఆ కుర్రాడు సిమెంటు కలుపుతున్నాడు.
ఎప్పుడొచ్చి చేరాడో ఎవరూ చూడలేదు.
మొహం ఇంకా ముటముటలాడుతూనే ఉంది.
చొక్కా ఇవ్వబోతే వద్దన్నాడు.

డెబ్బై ఏడో మెట్టు పక్కింట్లోంచి
ఓర్తెన్సియా అనే ముసలావిడ బయటికొచ్చింది.
రెండు చలికాలాలుగా కిందికి దిగలేదట.
ఎవరు ఏ రొట్టె తెచ్చిపెడితే అదే తినేదట.
కమ్మీని మొదట వేలితో తట్టింది,
బజార్లో పుచ్చకాయను తట్టినట్టు.
తర్వాత పట్టుకుంది.
తిట్టుకుంటూ దిగింది ఒక్కో మెట్టూ,
మెట్టును, మోకాలిని, మేయరును, పోయిన మొగుణ్ణి.
మేం చప్పట్లు మొదలుపెడితే
"ఊరుకోండి, లెక్క తప్పుతోంది," అంది.
చర్చికి వెళ్ళలేదు, డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు.
కింద కొట్టు దాకా వెళ్ళి
రొట్టె తనే నొక్కి చూసి
బాగా కాలింది ఏరుకుంది.

సోమవారం నివేదిక రాయమన్నారు నన్ను.
పాల్గొన్నవారు పద్నాలుగు.
గంటలు తొంభై ఎనిమిది.
కమ్మీ నలభై మీటర్లు.
ఉద్యోగుల్లో ఉత్సాహం: పెరిగింది, తగ్గింది, మార్పు లేదు.
ఆ గడి దగ్గర చాలాసేపు కూర్చున్నాను.

ఈలోగా ఎవరిస్తో రసీదు వచ్చింది,
మూడు రోజులు ఆలస్యంగా, మామూలు మరకతో.
వెలుగుకెత్తి చూస్తే
అది మరక కాదు, బొటనవేలి ముద్ర.

ఎర్రసిరాకి మూత పెట్టేశాను.
మా భవనంలో లిఫ్టు ఉంది, మేం చేసిందే.
మెట్ల మీదుగానే దిగాను వర్క్‌షాపుకి,
అతన్ని అడగడానికి,
ఆ రోజు ఆస్పత్రికి
ఎవరు తీసుకెళ్ళారని.