పైపు పట్టుకునేటోడు

ఆదివారం నాలుగు దాటితే
నాగోలు వాటర్ సర్వీసింగ్ ర్యాంపు ముందర
మూడు బండ్లు ఒకదాని ఎనుక ఒకటి ఆగుతయి.
ఏది ఏ రంగుదో
నీళ్ళు కొట్టిందాక నాకే యాదికి రాదు.

ముందు థార్. సాకేత్ సారుది.
ముప్పై ఐదు ఇంచుల టైర్లు, నాలుగించుల లిఫ్టు,
ముక్కు మీద విన్చి, చెవి పక్కన స్నార్కెలు,
కింద రెండు లాకర్లు.
ఒక్కొక్క సామాను ధర నా చెవిల ఏసినంకనే
ఇంజన్ బంద్ చేస్తడు.

దాని ఎనుక జోంగా. ఖలీల్ సాబ్‌ది.
మిలిటరీ వేలంల కొన్నది, కడుపుల క్యాంటర్ ఇంజన్.
తాళం తీసినంక గూడ కాసేపు వణుకుతది
చలిజ్వరమొచ్చిన దున్నపోతు లెక్క.

ఆఖరుకు జిప్సీ, పండ్ల డాక్టరు ఫ్లోరెన్సమ్మది.
బక్కది. సన్నటి టైర్లు.
డోర్లు పీకేసింది, ఎనుక సీటు పీకేసింది,
నొప్పి తెల్వకుంట పీకిందని
ఖలీల్ సాబ్ ప్రతి వారం అదే జోకు చెప్తడు.

కుర్చీలు గుంజుకొని చాయ్ తాగుతరు.
బరువుండాలె, అప్పుడే నేలను పట్టుకుంటది, అంటడు సాకేత్ సారు.
ఆ బరువే ముంచుతది, అంటది ఆమె.
గాలి ఎంతకు దించినవ్? పన్నెండు. నేను పది.
టైరు గాడి లోతుండాలె. కాదు, గాడి వెడల్పుండాలె,
లేకపోతె బురద నిండి గుండు లెక్క తిరుగుతది.
ఏమైతేంది,
అందరి బండ్లు పోయినయట.
ఎవ్వరిదీ దిగబడలేదట.

నేను నడుమల మాట్లాడ.
కింద పండుకొని పైపు పట్టుకుంట.

జిప్సీకి బురద టాపు మీద చుక్కలు చుక్కలు,
కింద చాసిస్ మీద ఉత్త చిల్లులు పడ్డ పొర.
అంటె ఆగలే.
ఆగితే మునుగుతనని తెలిసి
కాలిన పెనం మీద నీళ్ళ చుక్క లెక్క ఉరికింది.

థార్‌కు డోరు పిడి దాక ఒక్కటే గీత,
స్కేలు పెట్టి గీసినట్టు.
ఉరికినప్పుడు పడ్డది గాదది, నిలబడ్డప్పటిది.
విన్చి తాడుకు షోరూం ముడి ఇంక విప్పనే లేదు
(కట్టేతందుకు చెరువు నడుమల చెట్టేడుంటది?)
ఎనుక హుక్కుకు మాత్రం
గుర్రపుడెక్క వేరు ఒకటి చుట్టుకొని ఉన్నది.

గసొంటి వేరే జోంగాల మడతేసిన బెల్టు కొనకు.
జోంగా టైర్లకు ఎర్ర మొరం, అంతే.
నల్ల బురద ఒక్క చుక్క లేదు.
అది చెరువుల దిగనే లేదు.
గట్టు మీద నిలబడి గుంజింది.

మూడింటినీ కడుగుత.
నల్లదీ ఎర్రదీ ఒక్కటే కాల్వల పడి పోతది.
పోయేటప్పుడు సాకేత్ సారు వంద ఎక్కువిస్తడు,
ఎనుక హుక్కు మంచిగ తోమినందుకో ఏమో.

తొమ్మిదింటికి షట్టరు దించుత. మళ్ళ వాన.
పీర్జాదిగూడ దాటినంక మా గల్లీ,
డ్రైనేజీ పైపులకని ఎండాకాలం తవ్విండ్రు,
పైపులు ఇంక దారిల ఉన్నయి.
నాది టీవీఎస్ ఎక్సెల్.
గాలి దించే పని లేదు, ఉన్నదే తక్కువ.
లాకర్లు రెండు, ఎడమ కాలొకటి, కుడి కాలొకటి.
సైలెన్సర్ మునిగితే అదే స్నార్కెలు,
నేను నోరు తెరిచి గాలి పీలుస్త.

అండాలు తలుపు తీసి మొకం చూడలే.
కాళ్ళు చూసింది.
ఎడమ దానికి మోకాలి దాక, కుడి దానికి పిక్క దాక,
ఏళ్ళ సందుల ఎర్రటి ఇటుక పొడి.

"కొత్తిల్లు కట్టేటోళ్ళ మూల నుంచొచ్చినవ్.
నడుమల ఆగింది. దిగి తోసినవ్."

"లే," అన్న, "ఆగకుంటనే వచ్చింది."

బకెట్ల మగ్గేసి నా ముందర పెట్టింది.
ఇంకేం మాట్లాడలే.