నూకాలత్త వైఫై

"సక్రం తిరుగుతానే ఉంటాదిరా.
ఇంతసేపు తిరిగితే గానుగెద్దైనా పడిపోతాది"
అని ఫోన్ చేసింది నూకాలత్త.

ఆదివారం బీచిరోడ్డంట పెదజాలరిపేట వెళ్ళాను.
రౌటర్ బీరువా మీద, స్టీలు బిందె వెనక,
దుమ్ము పడకుండా పాత జాకెట్టుగుడ్డ కప్పుకుని
జ్వరమొచ్చిన పిల్లలా వెచ్చగా ఉంది.

గుడ్డ తీశాను. బిందె దించాను.
అడాప్టర్ పిన్నుకి పచ్చటి చిలుము.
ఈ ఊళ్ళో సముద్రం
కిటికీ చువ్వలు తింటూ ఇలాంటివే నంజుకుంటుంది.
గరుకు కాగితంతో రుద్దాను.
ఆపి, పది లెక్కపెట్టి, మళ్ళీ వేశాను.

చక్రం తిరుగుతూనే ఉంది.

అప్పుడు చూశాను జాబితా:
ఒంటరి మనిషి ఇంట్లో పదకొండు ఫోన్లు.
పాస్‌వర్డు గుమ్మం పక్కన సుద్దముక్కతో రాసుంది,
పాలలెక్క కింద.

"అది ఇస్త్రీబండి అప్పయ్యమ్మ కూతురు,
మెట్ల మీద కూకోని గ్రూప్ టూకి సదూతాది.
అది వలలు కుట్టే తాత,
గాలెటు తిరుగుతాదో సూసుకుంటాడు.
ఆ ఆరుగురూ మేడమీద కుర్రోళ్ళు,
రేత్రంతా తుపాకులాట. ఆళ్ళని ఆపీ."

ఆపాను.
తెరమీద పొద్దుటినించీ ఆగిపోయిన వంటావిడ
చేతిలోని ఆవాలు
నూనెలో పడ్డాయి.

ఇంకొకటి మిగిలింది. పేరు లేదు, ఉట్టి అంకెలు.
అత్తకీ తెలీదు.
'తొలగించు' మీద వేలు పెట్టాను.

కళ్ళజోడు సర్దుకుని
ఆ అంకెల్ని చాలాసేపు చూసింది.
"ఉండనీరా.
ఆడేటి, మన కంచంలో సెయ్యెట్టాడా?"